అల్మారాలో హత్యలు

పెళ్ళికి ముందు మా ఆయన గురించి ఆరా తీయడానికి వెళ్ళిన మా పెదనాన్న తిరిగొచ్చి, "అబ్బాయి చాలా నెమ్మదస్తుడు, చీమకి కూడా హాని తలపెట్టడు" అని చెప్పాడు. చీమల సంగతి నాకు తెలియదు. మనుషుల్ని మాత్రం మా ఆయన నెలకి ఇద్దరు ముగ్గురినైనా చంపుతారు. అదీ ఏ చీకటి సందులోనో కాదు. మా పడగ్గదిలో, గోడకి కట్టిన బట్టల అల్మారాలో, హ్యాంగర్లకి వేలాడే నా బట్టల మధ్య కూర్చుని, పట్టపగలు.

చంపేవాడికేం, హాయిగానే ఉంటుంది. కష్టమంతా ఇంట్లోవాళ్ళకి. హత్య జరుగుతున్నంతసేపూ నేను మిక్సీ వెయ్యకూడదు, కుక్కరు పెట్టకూడదు, ఫ్యాను తిప్పకూడదు. తుమ్మొస్తే వీధి గుమ్మం దాటి తుమ్మి రావాలి. ఒకసారి ఒక ముసలి కోటీశ్వరుణ్ణి దిండుతో నొక్కి చంపుతుండగా వంటింట్లో నా చేతిలోంచి గరిటె జారింది. అల్మారా తలుపు తోసుకుని బయటికొచ్చారు. నా స్వెట్టరు చెయ్యి ఒకటి ఆయన భుజం మీద స్నేహితుడి చెయ్యిలా వేలాడుతోంది.

"ఏమోయ్, నీ గరిటె వల్ల ముసలాడు మళ్ళీ బతికాడు. ఇంకోసారి చంపాలి."

"చంపండి. ఈసారి త్వరగా చంపండి, స్టవ్ మీద పాలున్నాయి" అన్నాను.

ఇంతకీ ఆయన ఉద్యోగం ఆడియో పుస్తకాలు చదవడం. పోలీసు నవలలు, హత్య నవలలు, ఎవరు చంపారో చివరిదాకా చెప్పని నవలలు. కంపెనీవాళ్ళు పుస్తకం పంపుతారు. ఈయన అల్మారాలో కూర్చుని పైకి చదివి, ఆ రికార్డింగు వాళ్ళకి పంపుతారు. అల్మారా ఎందుకంటే, బట్టలు చప్పుడుని పీల్చేసుకుంటాయట. లోపలి గోడలకి పాత బొంతలు కూడా కొట్టించారు. వంటింటి పని లేనప్పుడు మంచం అంచున చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఒళ్ళో పుస్తకం తెరుచుకుని కూర్చునేది నేను. ఆయన ఎక్కడ మాట మింగారో, ఎక్కడ వాక్యం దాటేశారో చూడాలి. తరవాత కంప్యూటర్లో ఆ తప్పులూ, దగ్గులూ, గొంతు సవరింపులూ కత్తిరించి పారెయ్యాలి. సాహిత్యంలో డిగ్రీ చదివిన దానికి ఇంతకన్నా మంచి ఉపయోగం నా జీవితంలో ఇంకోటి దొరకలేదు.

చదవడంలో తడబడితే "తప్పు" అని పైకి అని, ఆ వాక్యం మళ్ళీ మొదటినుంచి చదవమని కంపెనీ నియమం. ఆ మాట వినపడినచోట నేను కత్తెర వెయ్యాలి. మా ఆయన మాత్రం ఆ మాట అనరు. చిటిక వేస్తారు. మొదట్లో అడిగాను, "తప్పు అంటే పోయేదేముందండీ, లోపల మీరూ మైకూ తప్ప ఎవరున్నారు?" అని.

"చిటికైతే నీకు తేలిగ్గా దొరుకుతుంది" అన్నారు.

అది కాదు సంగతి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మనిషి తనది తప్పని ఒక్కసారి అనడం నేను వినలేదు. దారి తప్పితే రోడ్డు వేసినవాడిది తప్పు. చొక్కా బిగుతైతే దర్జీది తప్పు. నవలలో హంతకుడెవరో ఆయన ఊహ తప్పితే అది రచయిత తప్పు. చివరికి మైకు ముందు కూడా ఒప్పుకోలేక వేళ్ళతో కానిచ్చేస్తున్నారు.

ఆయన పనిలో ఇంకో పద్ధతి ఉంది. ఏ నవలైనా చివరి అధ్యాయం ముందు రికార్డు చేస్తారు. ఆ తరవాతే మొదటికి వస్తారు. "హంతకుడి అసలు గొంతేదో ముందు తెలియాలోయ్. అప్పుడే మొదటినుంచీ దాన్ని ఎంతవరకు దాచాలో తెలుస్తుంది" అంటారు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆయన మాట నిజమేనని నాకూ అనిపించేది.

ఈ పనిలోకి రాకముందు ఆయన బస్ స్టేషన్లో బస్సుల వేళలు చెప్పేవారు. అప్పట్లో ఆ గొంతు తుడిచిన అద్దంలా ఉండేది. తరవాత అక్కడ యంత్రం పెట్టారు, ఈయన ఇంటికొచ్చారు, ఆడియో కంపెనీలో చేరారు. కానీ పాత అలవాటు పోతుందా? మొదటి నవలలో శవాన్ని చూసి పనిమనిషి కేకేసే చోట, ఆ శవం మరికొద్ది నిమిషాల్లో రెండో ప్లాట్‌ఫారం మీదికి వస్తుందన్నట్టు చదివారు.

ఆ మాట అన్నది నేను కాదు, మా అత్తయ్య. ఆవిడకి చూపు బాగా మందగించింది. చదవలేదు కాబట్టి వింటుంది. పొద్దున్నించి సాయంత్రందాకా చెవుల్లో ఎవరో ఒకరు హత్యకి గురవుతూనే ఉంటారు. కొడుకువే కాదు, ఇతర కంపెనీల పుస్తకాలు కూడా విని తీర్పు చెబుతుంది. "ఆ పిల్లెవరో, చదువుతుంటే హంతకుడు కూడా చెల్లెల్లా అనిపిస్తాడు" అని ఒకరి మీద. "వీడు విషం పేరు చెప్పేటప్పుడు దుకాణంలో బేరమాడినట్టు చెబుతాడు" అని ఇంకొకరి మీద. హంతకుణ్ణి పట్టుకోవడానికి ఆవిడ సూత్రం ఒకటే: "మొదటి అధ్యాయంలో ఎవరైనా అడక్కుండా సాయం చేశారా? వాడే." సగంసార్లు నిజమయ్యేది కూడా.

ఒక పుస్తకం ముగిసిన సాయంత్రం ముగ్గురం భోజనాల బల్ల దగ్గర టీ తాగుతూ దాని మీద విచారణ జరిపేవాళ్ళం. ఆ బల్లకి కోర్టు అని పేరు పెట్టింది నేనే. కోర్టులో పుస్తకాన్ని ఎంతైనా తిట్టొచ్చు, చదివినవాణ్ణి మాత్రం ఏమీ అనకూడదన్నది మా ఆయన షరతు. దాన్ని అత్తయ్య ఏనాడూ లెక్కచెయ్యలేదు.

"ఒరేయ్, ఈసారి శవం వేళకే వచ్చిందా, ఆలస్యమా?" అనేది.

అలాంటి రోజుల్లో ఆయనకి జలుబు చేసింది. జలుబు తగ్గింది, గొంతు మాత్రం రాలేదు. అద్దం మీద ఎవరో ఇసుక రాసినట్టు బొంగురుపోయింది. కంపెనీకి ఆ గొంతుతోనే ఒక నవల పంపారు. అందులో హీరో, ఉద్యోగం మానేసిన ఒక పాత ఇన్‌స్పెక్టర్. వాడికీ గొంతు పాడే. ఇంకేం, శ్రోతలు విరగబడ్డారు. ఆ గొంతు వింటే వెన్నులో చలి పుడుతోందని రాశారు. ఆ ఇన్‌స్పెక్టర్ నవలలు ఎన్నుంటే అన్నీ ఈయనకే ఇచ్చింది కంపెనీ. బస్సులు పిలిచినన్నాళ్ళూ ఆయన గొంతు లక్షలమంది విన్నారు. ఎవరైనా బాగుందన్నారా? ఆ బస్సు ఎక్కిపోయారు, అంతే. ఇప్పుడు పోస్టులో ఉత్తరాలు, ఫోన్లో మెచ్చుకోళ్ళు. మనిషి నడకే మారిపోయింది.

"గొంతు ఒకసారి చూపించుకోండి" అన్నాను మొదటిసారి. బట్టలు మడతపెడుతూ, మామూలుగానే అన్నాను.

"ఏం చూపించుకోను? ఇది జబ్బు కాదోయ్, పాత్ర."

"పాత్ర పుస్తకం మూసినప్పుడు పోవాలి కదండీ. మీరు ఉప్పు అడిగినా నేను శవాన్ని ఎక్కడ దాచానో చెప్పమన్నట్టుంటోంది."

"నటుడన్నవాడు ఇంట్లో కూడా పాత్ర వదలకూడదు."

ఆ తరవాత అడిగినప్పుడు అల్మారాలో దుమ్మన్నారు. దులిపాను. నాఫ్తలీన్ ఉండల వాసనన్నారు. ఏరి పారేశాను. బొంతల్లో దూది అన్నారు. ఉతికి ఆరేశాను. మెడ పక్కన చిన్న ఉండలాంటిది కనిపిస్తే, "కాలర్ రాసుకుంది, దర్జీది తప్పు" అన్నారు. రాను రాను మంచినీళ్ళు తాగినా చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళేది, అక్కడేదో పోటు పొడిచినట్టు.

అలాంటప్పుడు వచ్చింది కాఫీ నవల.

అందులో ఒక గడియారాల షాపు ఆయన. పెళ్ళాం రోజూ పొద్దున కాఫీలో కాస్త కాస్త విషం కలిపి ఇస్తుంటుంది. పుస్తకం సగానికి రాకముందే ఆయన కనిపెట్టేస్తాడు. కనిపెట్టి కూడా తాగుతాడు. ఎందుకంటే, విషం మొదలైన దగ్గర్నుంచి ఆవిడ, కప్పు ఖాళీ అయ్యేదాకా ఆయన పక్కన కూర్చుని కబుర్లు చెబుతుంది. అంతకుముందు ఏనాడూ అలా కూర్చోలేదు. చివరికి ఆయన పోతాడు. ఆవిడ దొరికిపోతుంది, అది వేరే సంగతి.

ఆ సాయంత్రం కోర్టు వేడెక్కింది.

"చంపుతోందని తెలిసి తాగుతాడా ఎవడైనా? వెధవ కాకపోతే!" అంది అత్తయ్య, బిస్కట్టు టీలో ముంచుతూ.

"వెధవ కాదమ్మా. గొప్పవాడు" అన్నారు మా ఆయన. ఆ బొంగురు గొంతులో అంత ఆవేశం ఎన్నడూ వినలేదు. "జీవితంలో మొదటిసారి ఒక మనిషికి ఒకటి దక్కింది. అది చేదని తెలిసి కూడా వదులుకోలేదు. అందులో ఎంత ప్రేముందో మీకు తెలియట్లేదు."

"దక్కింది విషమండీ" అన్నాను.

"నువ్వు విషమే చూస్తావు. నేను పక్కన కూర్చున్న మనిషిని చూస్తాను. నీకు సాహిత్యం అర్థం కాదు."

డిగ్రీలో సాహిత్యం చదివింది నేను, బస్సులు పిలిచింది ఆయన. అయినా ఆ మాట అనలేదు. ఎందుకంటే మేం మాట్లాడుకుంటున్నది గడియారాలాయన గురించి కాదని అప్పటికి నాకు అర్థమైపోయింది. "కప్పు పక్కకి తోసి, వైద్యుడి దగ్గరికి వెళ్ళొచ్చి, అప్పుడు పెళ్ళాన్ని పక్కన కూర్చోమని అడగొచ్చు కదా" అన్నాను.

"అప్పుడు కూర్చోదు" అన్నారు, కప్పులోకి చూస్తూ. ఒక గుక్క తాగి, "కూర్చోదని ఆయనకి తెలుసు" అన్నారు.

అత్తయ్య బిస్కట్టు టీలో విరిగిపడింది. దాని కోసం చెంచాతో వెతుకుతూ, "ఏమైనా వాడు వెధవే" అంది.

మంచి మాట చెవికెక్కనప్పుడు నాలాంటిది చేసే పని ఒకటే ఉంది, అల్లరి. అప్పటినుంచి ఆయన రికార్డింగుల్లోంచి కత్తిరించిన ముక్కల్ని పారెయ్యడం మానేశాను. గుడ్డముక్కలు దాచే ఆడవాళ్ళుంటారు, నేను దగ్గులు దాచాను. దగ్గు, గొంతు సవరింపు, గుటక, మాట మధ్యలో తెగి ఈలలా బయటికొచ్చే ఊపిరి. ఇవన్నీ తీసేస్తే ఇన్‌స్పెక్టర్ గొంతు గంభీరంగా ఉండేది. తీసినవన్నీ ఒకదాని వెనక ఒకటి అతికిస్తే ఏముంటుందో చూద్దామనిపించింది. కొన్నాళ్ళకి ఒక అధ్యాయమంత పోగయింది.

ఒక సాయంత్రం టీ పోసి, ఫోను బల్ల మధ్యలో పెట్టి, "కొత్త పుస్తకం దొరికింది, వినండి. హంతకుడెవరో ముందు ఎవరు చెబితే వాళ్ళకి రేపు వంటింటి పని మాఫీ" అన్నాను. ఈయన ముఖంలో నవ్వు రావాలి, కాస్త సిగ్గు రావాలి, "సరేలే, రేపు చూపించుకుంటాను" అనాలి. నా ఎత్తు అంతవరకే.

ఫోను మొదలైంది. మా ఆయన మొదటి దగ్గుకే గుర్తుపట్టారు. కప్పు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. నాకేసి గుర్రుగా చూశారు. అత్తయ్య మాత్రం తల పక్కకి వాల్చి, మంచి పుస్తకం దొరికినప్పుడల్లా వినేటట్టు కళ్ళు మూసుకుని వింటోంది.

"మాటలేవే అమ్మాయ్? అంతా దగ్గేనా?"

"ముందుకి వస్తాయేమో అత్తయ్యా."

ఇంకాసేపు విని పెదవి విరిచింది. "మాటలు రావు. ఈ మనిషి రెండో అధ్యాయం దాటడు. ఊపిరి వినలేదూ, లోపల ఏదో అడ్డంపడి, దాని పక్కనుంచి దూరి వస్తోంది. పాపం ఎవరో గానీ, దగ్గరవాళ్ళెవరూ లేరు కాబోలు. ఉంటే ఈపాటికి లాక్కెళ్ళి ఆసుపత్రిలో పడేసేవాళ్ళు."

నా చెయ్యి ఫోను మీదికి వెళ్ళింది కానీ ఆపడం చేతకాలేదు. సరిగ్గా అప్పుడే మా ఆయన దగ్గారు. ఫోన్లో కాదు, బల్ల దగ్గర. ఆపుకోవాలని చూసి ఆపుకోలేక దగ్గారు. లోపల ఏదో అడ్డంపడి, దాని పక్కనుంచి దూరి వచ్చింది ఊపిరి.

అత్తయ్య కళ్ళు తెరిచింది. ఫోను ఉన్న వైపు తిరిగింది. కొడుకు ఉన్న వైపు తిరిగింది. మళ్ళీ ఫోను వైపు. ఆవిడ చేతిలో బిస్కట్టు ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు బల్లంతా తడిమింది.

"నాన్నా" అంది.

ఆ ఇంట్లో ఆయన్ని అలా పిలవగా నేను వినలేదు. ఎప్పుడూ ఒరేయ్ అనే.

గొంతు డాక్టరు చిన్న వయసు అమ్మాయి. ఈయన కుర్చీలో కూర్చుని రెండు మాటలు చెప్పారో లేదో, ఆవిడ ముఖం వెలిగిపోయింది. "మీరు ఆ ఇన్‌స్పెక్టర్ కదూ! నేను రోజూ కార్లో మీ పుస్తకాలే వింటాను. ఎలా చేస్తారండీ ఆ గొంతు?" అంది. మా ఆయన నావైపు ఒక చూపు చూశారు. చూశావా, అన్నట్టు. కాలర్ సర్దుకున్నారు.

తరవాత ఆవిడ సన్నటి కెమెరా ముక్కులోంచి గొంతులోకి దించి, తెర వైపు తిరిగింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది. మళ్ళీ మావైపు తిరిగినప్పుడు ఆ ముఖంలో శ్రోత లేదు.

"ఇన్నాళ్ళుగా వింటున్నాను. నటన అనుకున్నాను" అంది, ఎవరికి చెప్పుకుంటోందో తెలియనంత మెల్లగా.

పరీక్షలయ్యాక మిగతాది చెప్పింది. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి. మెడకి ముందు ఒక రంధ్రం పెడతారు, ఊపిరి అక్కణ్ణుంచే. ఇంక ఈ గొంతు ఉండదు. క్యాన్సర్ మెడలో గడ్డలకి కూడా పాకింది, ఊపిరితిత్తుల్లో ఏదో నీడ ఉంది. ఆపరేషన్ తరవాత ఎంతకాలం అన్నది తను చెప్పలేనంది. నేను అడగకూడని ప్రశ్న అడిగాను. ముందే వచ్చుంటే?

"బొంగురు మొదలైనప్పుడే వచ్చుంటే రేడియేషన్ పెట్టి మాన్పేవాళ్ళం. చాలామందికి గొంతు కూడా మిగులుతుంది" అంది. చెప్పాక చెప్పకుండా ఉండాల్సిందన్నట్టు పెన్ను మూత పెట్టింది, తీసింది.

మెట్లు దిగుతూ మా ఆయన అన్నారు, "ఆ నాఫ్తలీన్ ఉండలోయ్. ముందే పారెయ్యాల్సింది."

ఆసుపత్రి బయట ఎండ మామూలుగానే ఉంది. ఆటోవాడు ఎక్కడికని అడిగితే ఈయనే చెప్పారు, ఆ గొంతుతోనే. వాడు వెనక్కి తిరిగి ఒకసారి చూసి, "మంచి గొంతు సార్" అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ నవలల్లో ఆఖరిది అప్పటికి సగం మిగిలి ఉంది. చివరి అధ్యాయం అలవాటు ప్రకారం ముందే, గొంతు ఇంకొంచెం బాగున్నప్పుడే రికార్డయిపోయింది. మిగిలింది మధ్యభాగం. కంపెనీవాళ్ళు ఫోన్ చేసి, కంగారుపడొద్దు, మిగతాది వేరే ఆయనతో చదివిస్తామన్నారు. మా ఆయన ఒకే మాట అన్నారు, "అల్మారా ఖాళీగా లేదు." ఫోన్ పెట్టేశారు.

మరుసటి రోజునుంచే లోపలికి వెళ్ళడం మొదలుపెట్టారు. ఆసుపత్రిలో చేర్చుకునే రోజు దగ్గరపడుతోంది. కాసేపు చదివి కాసేపు తలుపు తెరుచుకుని నా బట్టలకి తల ఆనించి కూర్చునేవారు. వేడినీళ్ళిచ్చేదాన్ని. గుటక పడేది కాదు. రాను రాను ఆ గొంతు ఇన్‌స్పెక్టర్‌ది కూడా కాకుండా పోయింది. కాగితం కాగితానికి రాసుకున్నట్టుండేది. చిటికలు ఎక్కువయ్యాయి. నేను కత్తిరించేది పెరిగి, ఉంచేది తగ్గిపోయింది. అతికించి వింటే విడ్డూరంగా ఉండేది. పుస్తకం మధ్యలో ఇన్‌స్పెక్టర్ పేజీ పేజీకీ కుంగిపోతాడు, ఇక మాట రాదనుకుంటాం. అంతలో చివరి అధ్యాయం వస్తుంది, గొంతు ఒక్కసారిగా లేచి నిలబడుతుంది. తెలియనివాళ్ళు వింటే ఆయనకి నయమైపోయిందనుకుంటారు.

అత్తయ్య ఇప్పుడు హంతకుల్ని పట్టుకోవడం మానేసింది. "ఆ ఆఖరి పుస్తకం నాకు పెట్టకే అమ్మాయ్. నేను వినకపోతే అది అయిపోదు కదా" అంది. పెట్టమని అడిగేది ఒక్కటే, ఆయన బస్సుల గొంతుతో చదివిన మొదటి నవల. అదే, ఆవిడ అన్నాళ్ళు వెక్కిరించింది. శవం కనపడే చోటు వస్తే ఫోను ఆపి, వెనక్కి జరిపించి, మళ్ళీ వినేది. "ఎంత స్పష్టంగా చెప్పాడో చూడు. ఒక్క అక్షరం మింగలేదు" అనేది గోడతో.

ఒక మధ్యాహ్నం ఆవిడ వరండాలో కునుకు తీస్తుంటే, నేను వేడినీళ్ళు పట్టుకెళ్ళాను. ఆయన అల్మారాలో పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. "ఎవరు చంపారో తెలిసింది కదా, ఇంక చదవడం ఎందుకండీ?" అన్నాను. అలా అంటే ఎప్పుడూ ఒంటికాలి మీద లేచేవారు. ఈసారి నవ్వారు. చప్పుడు లేదు, భుజాలు కదిలాయంతే.

"ఎవరు చంపారన్నది అందరూ చెబుతారోయ్" అన్నారు గొణుగుతూ. "చచ్చినవాడు అప్పటిదాకా ఏం చేస్తున్నాడన్నది ఎవరూ అడగరు."

ఆసుపత్రికి వెళ్ళే ముందురోజు మధ్యాహ్నానికి ఒకే ఒక్క అధ్యాయం మిగిలింది. చివరిదానికి ముందుది. నేను కుక్కరు కట్టేశాను, ఫ్యాను ఆపాను, పంపు కింద పాత గుడ్డ పెట్టాను, నీటిబొట్టు చప్పుడు రాకుండా. సంచీ సర్ది తలుపు పక్కన పెట్టి ఉంది. అందులో తువ్వాలు, చెప్పులు, ఆయన రాసుకోవడానికి ఒక పలకా. పలక కొనేటప్పుడు దుకాణంలో, "ఎన్నో తరగతమ్మా బాబు?" అని అడిగారు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మంచం అంచున కూర్చున్నాను. తలుపు మూసుకున్నారు. రికార్డింగు మొదలైందని తలుపు మీద ఎర్రలైటు వెలిగింది.

చదివారు. ప్రతి వాక్యానికీ ఆగుతూ, పీల్చుకుంటూ, ఎక్కడో లోపల వెతికి తెచ్చుకుంటూ. పుస్తకంలో వేలుపెట్టి ఒక్కో పదం వెంట నేనూ నడిచాను. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ అధ్యాయంలో ఒక్క చిటిక కూడా లేదు. తడబడినచోట తడబడ్డట్టే వదిలేసి ముందుకి వెళ్ళిపోయారు. చివరి వాక్యం అయిపోయింది. ఇంక కొత్తగా చదవాల్సింది ఏమీ లేదు. తరవాతి అధ్యాయం ఆయన ఎప్పుడో చెప్పేశారు.

లైటు ఆరలేదు. తలుపు తెరుచుకోలేదు. హెడ్‌ఫోన్స్‌లో ఊపిరి వినపడుతోంది. హ్యాంగరు ఒకటి కడ్డీ మీద కదిలిన చప్పుడు.

"ఇక్కణ్ణుంచి కోసెయ్" అన్నారు, పుస్తకం గొంతుతో కాదు, మామూలుగా. మామూలుగా అంటే, మిగిలినదాంతో.

నేను కదల్లేదు.

"ఆ కాఫీవాడు" అన్నారు. ఊపిరి తీసుకున్నారు. "వాడు గొప్పవాడేం కాదు. అమ్మ చెప్పిందే నిజం."

మళ్ళీ ఊపిరి. ఈసారి చాలాసేపు పట్టింది.

"నువ్వు బట్టలు మడతపెడుతూ చెప్పావే, ఆ రోజే వెళ్ళుండాల్సింది. దుమ్ము కాదు, దర్జీ కాదు. తప్పు నాది."

ఒక్కో అక్షరం నాకు పుస్తకంలో అచ్చుపడ్డంత స్పష్టంగా వినపడింది. కళ్ళు తుడుచుకుని, లేచి వెళ్ళి, అల్మారా తలుపు మీద వేలితో రెండుసార్లు కొట్టాను. మాట మింగినప్పుడు మళ్ళీ చదవమని చెప్పడానికి నేను ఎప్పుడూ అలాగే కొడతాను.

"సరిగ్గా పడలేదండీ" అన్నాను తలుపుకి ఆనుకుని. "ఇంకోసారి చెప్పండి."

లోపల్నుంచి నవ్వు లాంటిది, దగ్గు లాంటిది ఒకటి వచ్చింది. ఆ తరవాత, ఇంట్లో ఏ మూలకైనా వినపడేటట్టు, ఉన్న గొంతంతా పెట్టి,

"తప్పు నాదేనోయ్" అన్నారు.